సిలికా జెల్‌లో ఈస్ట్‌ను బతికించుకున్న తీరు: నా అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సార్ ఇచ్చిన పని చెప్పడానికి చిన్నదే. బేకరీ ఈస్ట్‌ను సిలికా జెల్‌లో, అంటే సన్నటి రంధ్రాలున్న తడి సిలికా ముద్దలో బంధించాలి, ఆ తర్వాత కూడా అది బతికే ఉందని చూపించాలి. మొదటి సగం నేర్చుకోగలిగిన పనే. రెండో సగమే నన్ను తిప్పలు పెట్టింది.

ఈ దారి కొత్తదేమీ కాదు. 1989లోనే ఇటలీలో కార్తురాన్ బృందం ఈస్ట్ కణాలను పలుచని సిలికా పొరల్లో బంధించింది. మొదట్లో ఇలాంటి పనులకు సిలికా కోసం ఎక్కువగా వాడింది టీఈఓఎస్ (టెట్రాఇథాక్సీసిలేన్) లాంటి ఆల్కాక్సైడ్లు, అంటే సిలికాన్‌కు ఆల్కహాల్ భాగాలు అతుక్కున్న రసాయనాలు. వాటితో చిక్కేమిటంటే, నీటితో చర్య జరిగేటప్పుడు ఒక్కో టీఈఓఎస్ అణువు నుంచి నాలుగు ఇథనాల్ అణువులు ఊడివస్తాయి. ఆల్కహాల్ తయారుచేసేది ఈస్టే అయినా, ఒక్కసారిగా అంత ఇథనాల్ మీద పడితే తట్టుకోలేదు. అలాంటిదే ఇంకొకటి, టీఎంఓఎస్ (టెట్రామిథాక్సీసిలేన్) అయితే వచ్చేది మిథనాల్, పైగా టీఎంఓఎస్ ఆవిరి మన కళ్లకే ప్రమాదం. అందుకే ఆ జోలికి పోకుండా సోడియం సిలికేట్‌తో మొదలుపెట్టాను.

దీని పీహెచ్ 11కు పైనే ఉంటుంది. యాసిడ్ పోసి దించితే సోడియమంతా ఉప్పుగా మారి జెల్‌లోనే మిగిలి, కణాల్లోని నీటిని లాగేస్తుంది. కాబట్టి ద్రావణాన్ని పలుచన చేసి, యాసిడ్ రూపంలోని కాటయాన్ రెజిన్ గుళికలు వేసి, పీహెచ్ 4 కిందికి దిగేదాకా కలిపాను. సోడియాన్ని రెజిన్ పట్టేసుకుని, బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. వడకట్టిన సోల్‌ను (ఇంకా గడ్డకట్టని సిలికా ద్రవాన్ని) ఐస్‌లో పెడితే కాసేపు ఆగుతుంది. టెన్షన్ మొదలయ్యేది పీహెచ్ పెంచాకే. 7 దగ్గరికి వచ్చిందంటే ఇక మన చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలు. ముందు బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం), పీహెచ్ చూసుకోవడం, వెంటనే కణాలు. ఈ వరుస మారకూడదు. కడిగిన ఈస్ట్‌ను ఫాస్ఫేట్ బఫర్‌లో, కాస్త గ్లిసరాల్‌తో కలిపి పిపెట్‌లో రెడీగా పెట్టుకునేదాన్ని. వయల్ వంచితే మొదట తెల్లగా జారుతుంది, మళ్లీ వంచేసరికి కదలదు.

గ్లిసరాల్ ఊరికే వేసింది కాదు. దాన్ని కలిపితే సిలికాలోని ఈ.కోలై బ్యాక్టీరియా ఎక్కువ కాలం బతుకుతుందని 2002లో ఫ్రాన్స్‌లో నాసిఫ్, లివాజ్ బృందం చూపించింది.

మర్నాటికి జెల్ కాస్త కుంచించుకుపోయి, పెరుగు మీద తేటలా నీరు ఊరింది. అంతవరకు ఫర్వాలేదు, ఎండనిస్తేనే ముప్పు. సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఆరిపోయేటప్పుడు పుట్టే ఒత్తిడికి కణాలు నలిగిపోతాయి. అందుకని జెల్ మీద ఎప్పుడూ బఫర్ నిలిచే ఉండాలి.

ఇక బతికున్నాయని చూపించడం. ఈస్ట్ అనగానే అందరం మెథిలీన్ బ్లూ అందుకుంటాం. బతికిన కణం ఆ రంగును పోగొట్టేస్తుంది, చచ్చింది నీలంగా మిగులుతుంది. జెల్ మీద వేస్తే మాత్రం కణాలూ జెల్లూ తేడా లేకుండా అంతా నీలమే. ఆ పీహెచ్ దగ్గర సిలికాకు రుణావేశం, రంగుది ధనావేశం. అంటుకోక ఏం చేస్తుంది? సీనియర్ అక్క చూసి నవ్వి, "ఫ్లోరెసిన్ డయాసిటేట్ వేసి చూడు. దానికి ఆవేశం లేదు" అంది. బతికిన కణంలోని ఎంజైమ్‌లు దాన్ని విడగొడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. పక్కనే ఉడికించి చంపిన ఈస్ట్‌తో చేసిన జెల్ పెట్టుకున్నాను. అది లేకపోతే ఏ వెలుగునూ నమ్మలేం.

సార్‌కు అదీ చాల్లేదు. "తింటోందా?" అన్నారు. జెల్‌ను గ్లూకోజ్‌లో ఉంచి, ఎంత మిగిలిందో డీఎన్‌ఎస్‌తో (చక్కెరతో కలిసి రంగు మారే రసాయనంతో) కొలిచాను. గ్లూకోజ్ తగ్గింది. ఇక్కడో దొంగ దారి ఉంది. జెల్ అంచుల నుంచి నాలుగు కణాలు జారిపోయి బయటి ద్రవంలో పెరిగినా గ్లూకోజ్ తగ్గుతుంది. కాబట్టి బయటి ద్రవాన్ని కూడా ప్రతిసారీ మైక్రోస్కోప్ కింద చూడాల్సి వచ్చింది.

పిల్లకణాలు పెట్టగలవా అన్నది ఇంకో ప్రశ్న. గట్టి సిలికా గూట్లో మొగ్గ తొడగడానికి చోటుండదు. తేల్చుకోవాలంటే జెల్‌ను నలిపి, పోషకాలున్న ప్లేట్ మీద పరచి, ఎన్ని కణాలు పెరిగి కాలనీలు (గుంపులు) అవుతాయో లెక్కపెట్టాలి, ఆ నలపడంలోనే కొన్ని చస్తాయి. అందుకే కాలనీల లెక్క ఎప్పుడూ తక్కువే చూపించింది, గ్లూకోజ్ లెక్క మాత్రం ధీమాగా ఉండేది. ఏది రాయమంటారని అడిగితే సార్, "రెండూ రాయమ్మా, వేర్వేరు కాలమ్‌లలో" అన్నారు.

వైవాలో ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్నే అది: ఎంత శాతం బతికాయి? "ఏ పరీక్ష ప్రకారం చెప్పమంటారు సార్?" అంటూ టేబుల్ ఉన్న పేజీ తిప్పి ఆయన ముందు పెట్టాను.