మాఘంలో విండోస్ మార్చుకున్న పాపానికి

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి నాలుగడుగులు వేస్తే మా షాపు. జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తులు అని బోర్డు మీద మూడూ రాసి ఉంటాయి గానీ అన్నం పెట్టేది పెళ్ళికార్డులే. వాటికి కావలసిన సరంజామా కూడా పెద్దదేం కాదు. 2013లో కొన్న ఐ3 కంప్యూటర్, 4 జీబీ ర్యామ్, విండోస్ 7, పేజీలు తీర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టుకునే అను ఫాంట్లు. పదేళ్ళు దీంతోనే గడిచిపోయాయి.

విండోస్ 7కు 2020 జనవరి 14తో సపోర్ట్, అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే అప్‌డేట్లు, అయిపోయిందని అప్పుడే తెలుసు. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది, గిరాకీ ఉన్న టైమ్‌లో రీస్టార్ట్ అడిగే పీడ వదిలిందని. 2023 మొదట్లో క్రోమ్ కూడా విండోస్ 7ను వదిలేసింది. నా బ్రౌజర్ 109 దగ్గర ఆగిపోయింది, పైన ఒక పసుపు పట్టీ రోజూ కనబడేది. దాన్ని మూసేయడం ఈగను తోలినట్టు అలవాటైపోయింది.

2024లో మాఘం దగ్గరపడుతుండగా తిప్పర్తి నుంచి ఒక పిల్ల దరఖాస్తు నింపడానికి వచ్చింది. అన్నీ నింపాక ఫొటో పెట్టే చోట బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పేజీ రిఫ్రెష్ చేస్తే నింపినవన్నీ పోయాయి. మూడోసారికి ఆ పిల్లే మెల్లగా అన్నది, "అన్నా, మీ బ్రౌజర్ పాతదేమో." పక్క సెంటర్‌లో అయిదు నిమిషాల్లో పని చేసుకుని పోయింది. నాకు పోయింది యాభై రూపాయలే. కానీ ఆ మాట పోలేదు.

కొత్త కంప్యూటర్ కొనే స్తోమత ఆ నెలలో లేదు. ఉన్నదానికి విండోస్ 11 ఎక్కదు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. నాది మూడో తరం. సర్వీస్ చేసే తమ్ముడు వచ్చి చూసి, పాత హార్డ్ డిస్క్‌తో విండోస్ 10 నడిపితే ఫైల్ తెరుచుకునేలోపు టీ తాగి రావొచ్చని, దానికంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్క్ పెట్టుకొమ్మని చెప్పాడు. సరే అన్నాను. మాఘం పెళ్ళిళ్ళ ముందు పెట్టుకోవాల్సిన పని కాదిది. ఆ తెలివి అప్పుడు లేదు.

"అన్నా, సీ డ్రైవ్‌ల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు తమ్మీ, అన్నీ డీలనే ఉన్నయి."

డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటుందని నాకు తెలియక కాదు, గుర్తులేదు. పదేళ్ళ పెళ్ళికార్డుల నమూనాలు, చెరువుగట్టు జాతర ఫ్లెక్సీలు, శుభమస్తు బొమ్మలు అన్నీ అక్కడే. ఆయన పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా తీసి పక్కన పెట్టి, కొత్తదాని మీద విండోస్ ఎక్కించాడు కాబట్టి బతికిపోయాను. ఫాంట్లు కూడా ఆ డిస్క్‌లోని విండోస్ ఫోల్డర్‌లోంచే తెచ్చుకున్నాను.

బ్రౌజర్ పాస్‌వర్డ్‌ల దగ్గర మాత్రం దొరికిపోయాను. బుక్‌మార్కుల ఫైలు కాపీ చేస్తే వచ్చాయి, పాస్‌వర్డ్‌లు రాలేదు. అవి ఆ పాత విండోస్ లాగిన్‌తో ముడిపడి దాచి ఉంటాయట, ఫోల్డర్ ఎత్తుకొచ్చినంత మాత్రాన తెరుచుకోవు. మళ్ళీ పాత డిస్క్ వైరు తగిలించి, విండోస్ 7 లేపి, సెట్టింగ్స్‌లో ఒక్కొక్కటి చూస్తూ నోటుబుక్‌లో రాసుకున్నాను. పూట గడిచింది.

అసలు కథ పేజ్‌మేకర్‌తో మొదలైంది. ఎక్కింది, తెరుచుకుంది. కానీ నేను పెట్టుకున్న సెట్టింగ్స్ మూసి తెరిస్తే నిలవడం లేదు. మిర్యాలగూడలో ఇదే పని చేసే దోస్తుకు ఫోన్ చేస్తే, "కుడి క్లిక్ కొట్టి అడ్మినిస్ట్రేటర్‌గా తెరువు" అన్నాడు. అలాగే ఎప్పుడు తెరిచినా పూర్తి అధికారాలతో తెరుచుకునేలా షార్ట్‌కట్‌లో టిక్కు పెట్టాను. సెట్టింగ్స్ నిలబడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను.

మరునాడు పొద్దున కట్టంగూరు నుంచి ఒక పెద్దాయన బిడ్డ పెళ్ళి పత్రికకు వచ్చాడు. చేతిరాత కాగితం ముందు పెట్టుకుని "శ్రీరస్తు" కొట్టాను. స్క్రీన్ మీద ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట, మధ్యలో ఏదో సున్నా. వేళ్ళు తప్పాయేమోనని మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే. అను ఫాంట్లు తెలిసినవాళ్ళకు ఇదేమిటో చూడగానే అర్థమవుతుంది. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చిన ఫాంట్లు అవి. మనం కొట్టే మీటకు ఏ ముక్క పడాలో చూసుకునేది వెనక నడిచే తెలుగు కీబోర్డ్ ప్రోగ్రామ్. అది మధ్యలో లేకపోతే పడేది ఇంగ్లీషు అక్షరం, కనబడేది తెలుగు ముక్క.

"తమ్మీ, లగ్గం పదిరోజులే ఉన్నది. పత్రికలు ఎప్పుడిస్తవు?"

"రేపు రా పెద్దాయనా, మిషిను కొత్తది."

కీబోర్డ్ ప్రోగ్రామ్ తీసి మళ్ళీ ఎక్కించాను. మూడుసార్లు. యాంటీవైరస్ ఆపాను. ఫాంట్లు మార్చాను. ఫోన్లో టైప్ చేసి పంపుకుని పేజ్‌మేకర్‌లో అతికిస్తే ప్రశ్నార్థకాలు పడ్డాయి. ఫోన్లో కొట్టేది యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత గడి ఉండే పద్ధతి; 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7కు యూనికోడ్ అంటే ఏమిటో తెలియదు. ఆ రాత్రి పదకొండింటిదాకా షాపులోనే ఉన్నాను. మా ఆవిడ ఫోన్ చేసి "ఇంటికొస్తవా, ఆ డబ్బాతోనే ఉంటవా?" అన్నది. టెన్షన్‌లో ఏం జవాబు చెప్పానో గుర్తులేదు.

రెండో రోజు తోచక నోట్‌ప్యాడ్ తెరిచి, అను ఫాంట్ పెట్టి కొట్టాను. "శ్రీరస్తు" అని ముత్యంలా పడింది! పేజ్‌మేకర్‌కు పోతే మళ్ళీ ముక్కలు. అంటే ప్రోగ్రామ్ నడుస్తోంది, పేజ్‌మేకర్ దగ్గరికే పోలేకపోతోంది. రెంటికీ తేడా ఏమిటా అని చూస్తే, పేజ్‌మేకర్ షార్ట్‌కట్ మీద చిన్న నీలం పసుపు డాలు బొమ్మ. నేను పెట్టిన టిక్కే.

తర్వాత వెతికి తెలుసుకున్నదేమంటే, విండోస్ విస్టా నుంచి ఒక కట్టుబాటు ఉంది. మామూలుగా నడిచే ప్రోగ్రామ్, అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రామ్ మీటల్లో వేలు పెట్టకూడదు. దొంగ ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌లు కాజేయకుండా పెట్టిన అడ్డుగోడ అది. మంచిదే. నా కీబోర్డ్ ప్రోగ్రామ్ దొంగ కాదని దానికి ఎవరు చెప్పాలి? మరి విండోస్ 7లో పదేళ్ళు ఎలా నడిచిందంటే, ప్రోగ్రామ్‌కు అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చేముందు పర్మిషన్ అడిగే కిటికీని కొన్న రోజే విసుగొచ్చి పూర్తిగా ఆపేయించాను, దాంతో ఆ గోడా పోయింది. గోడే లేని ఇంట్లో తలుపు గురించి ఎవరడుగుతారు.

కీబోర్డ్ ప్రోగ్రామ్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాను. రెండూ ఒకే మెట్టు మీదికి వచ్చాయి. పెద్దాయన కాగితం తీసి ఒక్క బిగిన కొట్టేశాను, "బంధుమిత్రుల అభినందనలతో" దాకా. సాయంత్రానికి ప్రూఫ్ ఇచ్చాను. ఆయన అందులో రెండు తప్పులు పట్టాడు. అవి మాత్రం నావే.

ఒక తిరకాసు మిగిలింది. ఇలా హోదా ఇచ్చిన ప్రోగ్రామ్‌ను స్టార్టప్‌లో పెడితే కంప్యూటర్ లేవగానే తనంతట తాను తెరుచుకోదు. అందుకని రోజూ షటర్ ఎత్తి, ఊదుబత్తి వెలిగించి, కీబోర్డ్ ప్రోగ్రామ్ తెరిచి "యెస్" నొక్కుతాను. మరచిపోయిన రోజు మొదటి గిరాకీకి ఒత్తులూ గుడులూ దర్శనమిస్తాయి.

బ్రౌజర్ మాత్రం ఇప్పుడు సుఖంగా ఉంది. తిప్పర్తి పిల్ల మళ్ళీ రాలేదు గానీ, అలాంటి దరఖాస్తులు చాలా నింపాను. ఇంతలో 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 వంతు కూడా అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామన్నారు, చేసుకున్నాను. సర్వీస్ తమ్ముడు అటుగా పోతూ షాపులోకి తొంగిచూసి, ఈసారి మొత్తం డబ్బానే మార్చాలన్నాడు.

"మారుద్దాం. మాఘంల మాత్రం కాదు," అన్నాను.