ఉమామహేశ్వరం దారిలో ఆరుద్ర వాన

మొక్కు మా నానమ్మది, నడక మాది. ఆమెకు మోకాళ్ళు వంగవు, అయినా మొక్కుకునే హక్కును మాత్రం ఇంట్లో ఎవరికీ వదలదు. వాన పడ్డాక చెల్లించుకుందామని నాన్న అంటే ఒప్పుకోలేదు. "పడ్డాక పోతే అది బేరం. పడకముందే పోవాలి" అంది. నడిచి నల్లమల కొండల్లోని ఉమామహేశ్వరం గుడి చేరాలి. అక్కడి పాపనాశనం ఊట నీళ్ళు తెచ్చి ఇంటి చేదబావిలో పోయాలి. ఎండిన బావిలో సీసాడు నీళ్ళు పోస్తే ఏమవుతుందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి చిన్నాన్న, వదిన, నేను బయలుదేరాం.

అది 2016, మృగశిర దాటి ఆరుద్ర కార్తె వచ్చిన రోజులు. అంతకు ముందటి వానాకాలం పాలమూరుకు మొహం చాటేసింది. 2015లో ప్రభుత్వం ప్రకటించిన 231 కరువు మండలాల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని 64 మండలాలూ ఉన్నాయి. మా ఊరు కల్వకుర్తికీ అచ్చంపేటకూ నడుమ ఉంటుంది. కృష్ణ నీళ్ళు ఎత్తిపోసే కాలువ అప్పటికి మా దాకా రాలేదు. బోర్లు ఎండిపోయాయి, ఇంకొకటి వేయిద్దామంటే అప్పు పుట్టలేదు. ఎడ్లను అంగట్లో అమ్మేశాం. కొన్నవాడు పళ్ళు పట్టి చూస్తుంటే నాన్న పక్కకు వెళ్ళి బీడీ ముట్టించుకున్నాడు. ఆవునూ దూడనూ మాత్రం నానమ్మ అమ్మనివ్వలేదు. వాటికి గడ్డి దొరకడమే కష్టమైంది. మిగతా కరువుల్లో మిర్యాలగూడ వైపు నుంచి ట్రాక్టర్లలో వరిగడ్డి వచ్చేది. ఆ ఏడు సాగర్ ఎడమ కాలువకే నీళ్ళు లేకపోతే గడ్డి ఎక్కడిది?

ఇంట్లో నీళ్ళు చేతులు మారుతూ పోయేవి. బియ్యం కడిగిన నీళ్ళు ఆవుకు, గిన్నెలు తోమిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, కాళ్ళు కడిగే నీళ్ళు ఎవరికీ లేవు. ట్యాంకరు వచ్చిన రోజు అమ్మ ముందు డ్రమ్ము నింపి, ఆ తరువాతే మనిషిని పలకరించేది.

ఎండ భయానికి తెల్లవారుజామునే నడక మొదలుపెట్టాం. దుందుభిని దాటుతున్నప్పుడు అది నది అని మా వదిన నమ్మలేదు. ఆమెది కృష్ణ ఒడ్డు ఊరు. ఇసుక తోడిన చోట గుంతలు, ట్రాక్టరు చక్రాల జాడలు, ఒక పక్కన చెలిమె. ఆ చెలిమె చుట్టూ బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు మమ్మల్ని ఎక్కడికని అడిగారు. చెప్పగానే ఒకామె, "మా పేరు కూడా చెప్పండి, ఊరి పేరు మరిచిపోకండి" అంది. దేవుడికి అడ్రసు సరిగ్గా చెప్పకపోతే వాన పక్క ఊళ్ళో పడుతుందన్నంత పట్టుదల ఆ గొంతులో ఉంది.

దారిలో ఒక ఊళ్ళో పిల్లలు కప్పతల్లి ఆడుతున్నారు. రోకలికి వేపమండలు కట్టి, నడుమ గుడ్డలో కప్పను వేలాడదీసి ఇంటింటికీ తిప్పుతున్నారు. ఇంటి ఇల్లాలు రోకలి మీద నీళ్ళు పోయాలి. ఆ ఊళ్ళోనూ నీళ్ళకు కటకటే. ఒకావిడ చెంబు వంచి ఇన్ని చిలకరించి, మిగిలినవి వెనక్కి తీసుకుపోయింది. పిల్లలు ఊరుకుంటారా, "ఇంకా పొయ్యాలి, ఇంకా పొయ్యాలి" అని గోల. అంతకుముందే మా ఊళ్ళో వాన కోసం వరద పాశమని బండ మీద పాయసం పోశారు, గుళ్ళో విరాటపర్వం చదివించారు. చేయవలసినవన్నీ చేసి కూర్చున్న ఊళ్ళవి. నాకు వీటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ అప్పులవాడి ముందు, ఆకాశం ముందు ఏమీ చేయకుండా కూర్చోవడం ఇంటిల్లిపాదినీ ఎలా తినేస్తుందో ఆ వేసవిలో చూశాను. నడవడం కొంత నయం.

అచ్చంపేట దాటి రంగాపూర్ చేరేసరికి నల్లమల కొండలు ఎదురుగా నిలబడ్డాయి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. పూర్వం అడవిదారిన శ్రీశైలం పోయేవాళ్ళు ముందు ఇక్కడ దండం పెట్టుకుని వెళ్ళేవారట. గుడి కొండ మీద, పెద్ద బండచరియ కిందికి ఒదిగి ఉంటుంది. మెట్లెక్కి ఆ నీడలోకి అడుగుపెట్టగానే చిన్నాన్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటూ, "ఇది కూడా మన జిల్లాయేనా?" అన్నాడు. నిజమే, ఒళ్ళంతా చల్లబడింది.

దర్శనం త్వరగానే అయింది. మేము వచ్చింది పాపనాశనం కోసం కదా. అక్కడ బండ సందులోంచి నీళ్ళు ఊరుతుంటాయి. ధార అనుకునేరు, చుక్కలే. రాయి మీద నాచు పచ్చగా పట్టి ఉంది. ఆ నాచు అంచున చుక్క ఉబ్బి, కొంచెం సాగి, ఇక ఆగలేక రాలుతుంది. అది రాలేలోపే వెనక ఇంకొకటి తయారు. సీసా మూతి దాని కింద పెట్టి పట్టుకుంటే మొదట్లో టప్ టప్‌మని మోగింది. అడుగు నిండాక చప్పుడు తగ్గింది, ఎంత నిండిందో చప్పుడును బట్టే తెలుస్తోంది. నా వెనక ఒక పెద్దామె ఇత్తడి చెంబుతో నిలబడి ఉంది. "సగం చాలు నాయనా, మాకూ బావులున్నాయి" అంది. ఆమెదీ అదే మొక్కన్నమాట. సగానికే మూత బిగించాను.

జిల్లా అంతా నోరెండిపోయిన ఏడు ఈ రాయికి నీళ్ళెక్కడివి? నల్లమల క్వార్ట్‌జైట్ రాతి పొరల కొండలు. వాటి పగుళ్ళలోకి వాన దిగుతుంది, పైన అడవి ఆ వానను పరుగెత్తనివ్వకుండా పట్టి ఉంచుతుంది. దిగిన నీరు మెల్లగా ప్రయాణం చేసి ఇలా ఏదో ఒక సందులో బయటపడుతుంది. నా సీసాలో పడిన చుక్క ఏ ఏటి వానో! మా ఊళ్ళో అలా కాదు. ఎర్ర చెల్క నేల, దాని కింద గ్రానైటు. పై మెత్తటి పొరలో నాలుగు నీళ్ళు నిలిస్తే నిలిచినట్టు, లేకపోతే బండలో చీలిక దొరకాలి. చీలిక కోసం ఎంత లోతుకు పోతే అంత ఖర్చు, వెంట ఫ్లోరైడు. చెట్టూ చేమా లేని చెల్క మీద పడ్డ వాన వాగు దాకా పోయేవరకు ఆగదు. ఇదంతా వదినకు చెబితే, "నానమ్మకు చెప్పకు, రేపటి నుంచి బండలు మోసుకు రమ్మంటుంది" అని నవ్వింది.

నడక మొక్కు పోయేటప్పుడు మాత్రమే. తిరుగు ప్రయాణం బస్సులో. అచ్చంపేటలో ఎక్కి కూర్చున్నామో లేదో ఆకాశం ముసురుకుంది. బస్సు ఊరు దాటాక పడింది చూడండి వాన! అద్దాలు మూయమని కండక్టరు అరుస్తున్నాడు, ఒక్కరు మూస్తే ఒట్టు. చేతులన్నీ బయటే. తరువాత ఫోన్లు బయటికి తీశారు. బస్సు మొత్తం ఒకటే ప్రశ్న, "మన దిక్కు పడుతుందా?" ఒకాయనకు పడుతోంది, ఆయన లేచి నిలబడి అందరికీ చెప్పాడు. ఇంకొకాయనకు "మబ్బులే" అన్నారు, ఆయన ఫోను జేబులో పెట్టుకుని కిటికీ మూసేశాడు. నేను నాన్నకు చేశాను. "గాలి లేచింది. దూరంగా మెరుస్తోంది" అన్నాడు, అంతే. కొంత దూరం పోయాక వాన ఎవరో కత్తిరించినట్టు ఆగింది. రోడ్డు పొడిగా, దుమ్ముతో అలాగే ఉంది. మా ఊరి స్టేజీ దగ్గర దిగితే చెప్పులకు మట్టి కూడా అంటలేదు.

నానమ్మ మాకోసం అరుగు మీదే కూర్చుని ఉంది. వాన గురించి అడగలేదు. సీసా తీసుకుని, "సగమే తెచ్చారేం?" అంది. చెంబు పెద్దామె సంగతి చెప్పాను. "మంచిపని" అని చిన్నాన్న చెయ్యి పట్టుకుని బావి దాకా నడిచి, గిలక కింద నిలబడి నీళ్ళు వంపేసింది. అడుగుకు చేరిన చప్పుడు కూడా రాలేదు.

వాన అర్ధరాత్రి దాటాక వచ్చింది. కొట్టం రేకుల మీద ముందు చెదురుమదురుగా, తరువాత మాట వినపడనంతగా. అమ్మ లేచి బిందెలు, డ్రమ్ములు, చివరికి పిండి జల్లించే బేసిను కూడా చూరు కింద పెట్టింది. దూడ జీవితంలో వాన చూడలేదు. కట్టు తెంపుకుని ఇంట్లోకి జొరబడి, వంటింట్లో నిలబడి అరిచింది. దాన్ని బయటికి లాగడానికి ఇద్దరం పట్టాం.

తెల్లారి నాన్న పార తీసుకుని చేలోకి పోయాడు. నాలుగైదు చోట్ల తవ్వి, గోడలో తడి ఎంతవరకు దిగిందో జానతో కొలిచాడు. మిట్ట మీద బెత్తెడు, పల్లంలో జానెడు. "పల్లానికి పదునైంది" అన్నాడు. కుంటలో చీలమండ లోతున ఎర్రనీళ్ళు నిలిచాయి, ఆవు వాటిని మురికని చూడకుండా తాగింది. బావిలో చెమ్మ కూడా లేదు. బోరు మోటారు వేసి చూస్తే గాలే వచ్చింది. వాన ముందు పశువుకు అందింది, తరువాత విత్తనానికి. బావికి అందాలంటే చాలా వానలు కావాలి, అప్పుకు అందాలంటే పంట చేతికి రావాలి. ఎడ్లు లేవు కాబట్టి దుక్కికి ట్రాక్టరు వాడిని అడగాలి, ఆ రోజు వాడిని అడగని రైతు లేడు.

పొద్దెక్కేసరికి ఇంట్లో గొడవ మొదలైంది. పత్తి తగ్గించి కంది వేయమని ఆ ఏడు ప్రభుత్వం గట్టిగా చెప్పింది. నాన్నకు పత్తే కావాలి, విత్తనం షాపువాడు ఉద్దెర ఇచ్చేది దానికే. చిన్నాన్న మాత్రం ఆముదాలూ కందులే మన చెల్కను నమ్ముకున్న పంటలని వాదన. నానమ్మ ఇద్దరి మాటా విని, "పల్లంలో నీ పత్తి, మిట్ట మీద వాడి కంది. మిట్టకు ఇంకో వాన పడనీ" అని తీర్పు చెప్పి, నన్ను విత్తనాల షాపుకు పొమ్మంది. నేను వెళ్ళేసరికి షాపు ముందు ఊరంతా ఉంది.