అత్తయ్య కొట్టిన వన్స్ మోర్

బెజవాడ పుస్తకాల పండక్కి వెళ్దామంటే మా ఇంట్లో ఒక్కళ్లు కూడా సరదా పడలేదు. మా ఆయనకి ఆదివారమంటే పదింటిదాకా నిద్ర. పెద్దదానికి పదకొండేళ్లు, ఫోను తప్ప ఏదీ కనబడదు. చిన్నాడికి ఆరు, వాడికి ఎక్కడికైనా పర్లేదు కానీ అక్కడ ఐస్‌క్రీమ్ ఉండాలి. అత్తయ్యయితే "నాకెందుకమ్మాయ్ పుస్తకాలు, ఐదో క్లాసు చదివినదాన్ని, మీరెళ్లి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాలే" అని తేల్చేసింది. ఇక లాభం లేదని పుస్తకాల మాట ఎత్తడం మానేసి, అక్కడ స్టేజి ఉంటుంది, పిల్లల డాన్సులు, పాటలు ఉంటాయి, వేడి వేడి పునుగులు ఉంటాయి అన్నాను. పునుగుల దగ్గర మా ఆయన కూడా లేచాడు.

2025 జనవరి 5, ఆదివారం. పెందరాళే భోజనాలు కానిచ్చి బందరు బస్టాండులో బెజవాడ బస్సెక్కాం. డెబ్బై కిలోమీటర్లు, పెద్ద ప్రయాణమేం కాదు. కానీ అత్తయ్యతో వెళ్తే అది కాశీయాత్రే. తొక్కుడు లడ్డు డబ్బా, రెండు మంచినీళ్ల సీసాలు, చిన్నాడికి స్వెట్టరు, తనకి శాలువా, వీటన్నిటికీ ఒక సంచి, ఆ సంచి మొయ్యడానికి నేను. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు వరసగా వెళ్తుంటే చిన్నాడు లెక్కపెట్టడం మొదలెట్టి పద్నాలుగు దాకా వచ్చి నిద్రపోయాడు. బెంజి సర్కిల్లో దిగి ఆటో మాట్లాడుకుని లబ్బీపేటలో ఇందిరాగాంధీ స్టేడియం ముందు దిగేసరికి మూడు దాటింది. రెండింటికే తలుపులు తెరుస్తారు, టిక్కెట్టు ఏమీ ఉండదు.

నాకు ఈ పండగంటే స్టేడియం గుర్తుకు రాదు. స్వరాజ్య మైదానం గుర్తొస్తుంది, మా నాన్న దాన్ని ఎప్పుడూ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే అనేవారు. 1989లో మొదలైన ఈ పండగ ఏళ్ల తరబడి అక్కడే జరిగింది, జనవరి ఒకటిన మొదలై పదకొండు రోజులు. నాకు ఏడో ఎనిమిదో ఏళ్లప్పుడు నాన్న మొదటిసారి తీసుకెళ్లారు. విశాలాంధ్ర వాళ్ల దగ్గర రష్యా పిల్లల పుస్తకాలు ఇంకా మిగిలున్న రోజులవి, దళసరి కాగితం, రంగు రంగుల బొమ్మలు, ధర చూస్తే నవ్వొచ్చేంత తక్కువ. సోవియట్ యూనియన్ పోయిందని, ఇక అవి రావని నాన్న అక్కడే నిలబడి షాపాయనతో చాలాసేపు బాధపడ్డారు. నాకేమో కాళ్లు పీకుతున్నాయి. ఇప్పుడా మైదానంలో అంబేడ్కర్ విగ్రహం ఉంది, పండగ ఇదే బందరు రోడ్డు మీద ఇంకొంచెం ఇటు జరిగింది. ఈసారిది ముప్పై ఐదోది. మొన్న రెండో తారీఖున ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ప్రారంభించారు కాబట్టి ఆయన ఏ స్టాలు దగ్గర ఆగాడు, ఏం కొన్నాడు అని అడుగుతూ తిరిగే కుర్రాళ్లు కూడా కనపడ్డారు. దేనికోసం వస్తేనేం, వచ్చారు.

లోపలికెళ్లగానే మా జట్టు ముక్కలైంది. పెద్దది ఇంగ్లీషు కామిక్సు కుప్ప దగ్గర కూలబడింది. తెలుగువి ఒక్క రెండైనా తీసుకోవే అంటే, "అమ్మా, నేను బళ్లో చదువుతున్నాగా" అంది, అదేదో మందు వేసుకుంటున్నట్టు. చిన్నాడు మాత్రం 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల సన్నపాటి బొమ్మల పుస్తకాలు ఒక్కొక్కటీ తిరగేసి, ఏనుగు ఉన్నవన్నీ ఒక పక్కన, లేనివన్నీ ఒక పక్కన సర్దాడు. షాపులో అమ్మాయి కసురుకోలేదు సరికదా, "ఏనుగువి ఇంకో రెండున్నాయి చూస్తావా నానీ" అని లోపల్నుంచి తెచ్చిచ్చింది. ఆ రష్యా బొమ్మల పుస్తకాలు కొన్నిటిని వీళ్లు మళ్లీ వేశారు, నాకు అది తెలుసు కానీ చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. మూడు నాకోసమే కొనుక్కున్నాను. బిల్లు మీద పది శాతం తగ్గింపు, ఇది ఈ పండగలో ఏ షాపుకెళ్లినా ఉండేదే. డబ్బులు కడదామంటే ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది, అంతమంది జనంలో సిగ్నలెక్కడిది! వెనకాల క్యూ పెరుగుతోంది, నాకు టెన్షన్. చివరికి అత్తయ్య రవికలో దాచుకున్న చిన్న పర్సు తీసి, నాలుగు మడతలు పెట్టిన ఐదొందల నోటు ఇచ్చింది. "ఫోన్లని నమ్ముకుంటే ఇంతే" అని అక్కడున్న అందరికీ వినపడేలా అంది కూడా.

పునుగులు గురించి చెప్పకపోతే మా ఆయన ఊరుకోడు. అల్లం చట్నీతో ఒక ప్లేటు, ఆ తర్వాత ఇంకోటి. బాగున్నాయి, అంతే.

అయిదున్నరకి స్టేజి దగ్గర చేరాం. కుర్చీలు నిండిపోయాయి, ఒకాయన లేచి అత్తయ్యకి ఇచ్చాడు. ముందు ఒక పుస్తకావిష్కరణ, వక్తలు చాలామంది, నిజం చెప్పాలంటే మూడో ఆయన మాట్లాడుతుండగా నేనే నిద్రపోయాను. తర్వాత చిన్న పిల్లలు కోలాటం వేశారు, కర్రలు ఒకళ్లవి ఒకళ్లకి తగిలి మధ్యలో ఒక పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే ఆట పూర్తిచేసింది, పెద్దగా చప్పట్లు. ఆ తర్వాత వచ్చాడు ఒక అబ్బాయి. పదమూడేళ్లుంటాయేమో, కిరీటం పెద్దదైపోయి కళ్ల మీదకి జారుతోంది. కృష్ణుడి వేషం. పక్కన పెద్దాయన హార్మోనియం శ్రుతి పట్టాడు. రాయబారం పద్యం.

నాకు పద్యనాటకాలు పెద్దగా తెలీవు. వాడు బాగా పాడాడనే అనుకున్నాను, ఆఖర్న రాగం సాగదీసేటప్పుడు ఊపిరి అందక కొంచెం తడబడ్డాడు కూడా. వాడు ఆపీ ఆపగానే నా పక్కనుంచి "వన్స్ మోర్!" అని కేక. తిరిగి చూస్తే అత్తయ్య. పక్కింటావిడతో కూడా గొంతు పెంచి మాట్లాడని మనిషి! కుర్చీలో సగం లేచి నిలబడింది. మా ఆయన "అమ్మా!" అని చెయ్యి పట్టుకున్నాడు. కానీ అప్పటికే వెనక వరసల్లో ముసలాళ్లంతా అందుకున్నారు, వన్స్ మోర్, వన్స్ మోర్ అని. ఆ అబ్బాయి కిరీటం సర్దుకుని, హార్మోనియం ఆయన వైపు చూసి, అదే పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి ఊపిరి సరిపోయింది.

అత్తయ్య వాళ్ల నాన్న నాటకాలకి హార్మోనియం వాయించేవారట. నా పెళ్లై పద్నాలుగేళ్లయింది, నాకీ సంగతి తెలీదు. చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్లలో నాటకమంటే రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా, ఈవిడ చాప మీద పడుకుని వింటూ పద్యాలన్నీ నోటికి పట్టేసిందట, ఆడపిల్ల పాడితే తంతారని ఎప్పుడూ పైకి పాడలేదట. "ఆ పద్యాల పుస్తకం ఇక్కడ దొరుకుద్దా అమ్మాయ్?" అని అడిగింది. చదవడానికి కాదట. తనకొచ్చినవి సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికట.

ఇక అప్పట్నుంచి అదే పని. రాయబారం పద్యాలున్నాయా అంటే ఒకాయన భగవద్గీత చూపించాడు, ఇంకొకాయన సీడీ కావాలా అన్నాడు. ఐదో షాపులో కళ్లజోడు పెద్దాయన నవ్వి, "రాయబారం అంటే ఎవరిస్తారమ్మా, పాండవోద్యోగ విజయాలు అని అడగాలి, తిరుపతి వెంకటకవులది" అన్నాడు. మాది బందరని తెలిసి ఇంకాస్త చనువుగా, "ఆ జంటకవుల్లో చెళ్లపిళ్లవారు మీ ఊరి హిందూ హైస్కూల్లోనే కదా మేష్టరుగా చేసింది, మీరే నన్నడిగితే ఎలా?" అని దెప్పాడు. ఆ హైస్కూలు ముందునుంచి నేను కూరల సంచితో ఎన్నివేల సార్లు నడిచుంటానో. ఆయన దగ్గర పుస్తకం లేదు, పక్క వరసలో చివరి షాపుకెళ్లమన్నాడు. అక్కడ అట్టకి కొంచెం దుమ్ము పట్టి ఒకే ఒక్క కాపీ ఉంది. నూట యాభై, తగ్గింపు పోను నూట ముప్పై అయిదు. అత్తయ్య బేరమాడబోయింది, నేను లాక్కొచ్చేశాను.

ఎనిమిదిన్నరకి ఆటోలో బస్టాండుకి బయల్దేరాం. బెంజి సర్కిల్లో ఎక్కితే సీట్లు దొరకవని అత్తయ్య పట్టుదల. దారిలో మా పాత మైదానం వచ్చింది. దీపాల వెలుగులో అంబేడ్కర్, విగ్రహం 125 అడుగులు, కింద పీఠం ఇంకో 81. చిన్నాడు ఆటోలోంచి తల బయటికి పెట్టి పైకి చూసి, "ఆయన చదువుకున్నాడా?" అని అడిగాడు, ఎందుకడిగాడో మరి. "అందరికంటే ఎక్కువ" అన్నాడు మా ఆయన.

బస్సులో లైట్లు ఆర్పేశారు. పెద్దది కామిక్సు చదువుకుందామని ఫోను టార్చి వేసింది, అత్తయ్య ఆ వెలుతురులోకి తన పుస్తకం జరిపింది. కాసేపటికి చూస్తే పెద్దదే పద్యాలు చదివి పెడుతోంది, విరవాల్సిన చోట విరవకుండా, విరవకూడని చోట విరుస్తూ, వార్తలు చదివినట్టు. అత్తయ్య కళ్లు మూసుకుని దాని వెనకాలే సన్నగా రాగం తీస్తోంది.

"నానమ్మా, ఒక లైను వదిలేశావు" అంది పెద్దది.

"వదల్లేదే. మా ఊళ్లో వేసే ఆయన ఆ ముక్క పాడేవాడు కాదు, అక్కడికొచ్చేసరికి ఆయనకి దగ్గొచ్చేది."

పామర్రు దగ్గర ఫోను ఛార్జింగ్ అయిపోయి టార్చి ఆరిపోయింది. ఆవిడ మాత్రం ఆపలేదు.