అలాస్కా ఓడలో ఆఖరి నాలుగు రోజులు

పదకొండో రోజు పొద్దున ఐదున్నరకే నాన్న మా గది తలుపు కొట్టారు. రెండు స్వెటర్లు, తలకి మఫ్లరు, చేతిలో టీ కప్పు. "అమ్మాయ్, నీళ్ళలో మంచు ముక్కలు కొట్టుకొస్తున్నాయి. పాపని లేపు" అన్నారు.

సియాటిల్‌లో ఎక్కిన ఓడ అది. మొత్తం పధ్నాలుగు రాత్రులు. జూనో, ఆంకరేజ్, కోడియాక్ అన్నీ అయిపోయాయి. అమ్మానాన్న రాజమండ్రి నుంచి ఆర్నెల్ల కోసం మా దగ్గరికి వచ్చారు. ఓడ దిగిన పన్నెండో రోజున వాళ్ళ తిరుగు ప్రయాణం. అందుకే రోజులు తరిగే కొద్దీ నాకు లోపల గుబులుగా ఉండేది.

ఆ రోజు చూడాల్సింది హబ్బర్డ్ హిమానీనదం. 1791లో స్పెయిన్ తరఫున వచ్చిన మలాస్పినా అనే నావికుడు, అట్లాంటిక్ సముద్రానికి దారి ఇటే ఉందేమోనని ఇక్కడిదాకా వచ్చాడట. మంచుగోడ అడ్డం తగిలింది. అందుకే ఆ చోటుకి 'ఆశాభంగం' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మాకు మాత్రం ఆశ తీరింది. మంచు గోడ వెడల్పే పది కిలోమీటర్లు. వెనక్కి చూస్తే 122 కిలోమీటర్ల పొడవు, అంటే రాజమండ్రిలో మొదలైతే ఏలూరు దాటిపోతుంది. నీలం రంగు మంచు. ముందు ఓ పెద్ద పెళ్ళ జారడం కంటికి కనిపిస్తుంది, కాసేపటికి గానీ ఉరుములాంటి చప్పుడు చెవికి చేరదు. అమ్మ ప్రతిసారీ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

డెక్ మీద స్పీకర్లలో ఒక ప్రకృతి నిపుణురాలు చెబుతూ ఉంది. ప్రపంచంలో చాలా హిమానీనదాలు వెనక్కి తగ్గుతుంటే ఇది ముందుకు నడుస్తోందట. పైన కెనడాలో అన్నిటికంటే ఎత్తయిన లోగన్ శిఖరం వైపు నుంచి దీనికి మంచు అందుతూనే ఉంటుంది. 1986లో ఇది ముందుకు వచ్చి పక్కనున్న రస్సెల్ ఫియర్డ్ అనే సముద్రపు పాయ మూతిని పూర్తిగా మూసేసింది. పాయ కాస్తా సరస్సయింది. లోపల సీల్ అనే సముద్ర జంతువులు చిక్కుకుపోయాయి. వేసవి అంతా కొండల నీళ్ళు చేరి మట్టం 25 మీటర్లు పెరిగింది. అక్టోబరులో ఆ మంచు ఆనకట్ట తెగింది. అప్పుడు పోయిన నీళ్ళు సెకనుకి 35 లక్షల ఘనపుటడుగులకు పైనే.

పాప ఇదంతా తాతయ్యకి తెలుగులో చెబుతోంది. "తాతయ్యా, క్యూబిక్ ఫీట్ పర్ సెకండ్ అంట, థర్టీఫైవ్ లాక్స్ కంటే ఎక్కువంట" అనేసరికి నాన్న టీ కప్పు కింద పెట్టేశారు.

"అది క్యూసెక్కే కదమ్మా! ఏ సంవత్సరం అంది?"

"నైన్టీన్ ఎయిటీ సిక్స్."

నాన్న ఇంకేమీ మాట్లాడలేదు. ఓడ నెమ్మదిగా చుట్టూ తిరిగి వెనక్కి మళ్ళేదాకా రెయిలింగ్ పట్టుకుని నిలబడే ఉన్నారు.

నాన్న ధవళేశ్వరం బ్యారేజీలో పనిచేసి రిటైరయ్యారు. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం మీదుగా వెళ్ళిన వరద 35 లక్షల క్యూసెక్కులు. మా జిల్లాలో ఆ వయసు వాళ్ళెవరిని అడిగినా ఈ అంకె నిద్రలో కూడా చెబుతారు. నన్ను కూడా ఇంట్లో అందరూ "వరదల ఏడాది పుట్టిన పిల్ల" అనేవారు. అంతకుమించి నాకు తెలియదు.

మర్నాడు సిట్కా. రష్యా వాళ్ళ పాలనలో ఇదే రాజధాని. అలాస్కాని 72 లక్షల డాలర్లకి అమెరికాకి అప్పగించింది కూడా ఇక్కడి కొండ మీదే, 1867 అక్టోబరు 18న. మేం చూసింది చర్చి, అక్కడి ఆదివాసులు బొమ్మలు చెక్కిన టోటెమ్ స్తంభాలున్న అడవి దారి, గాయపడిన పక్షుల్ని సాకే కేంద్రం. అక్కడ తెల్లటి తల, గోధుమరంగు ఒళ్ళు ఉన్న డేగని చూడగానే అమ్మ చెంపలేసుకుంది. "అచ్చం మన గరుడ పక్షే, కాకపోతే మూడింతలుంది" అంది.

పదమూడో రోజు నేల కనిపించని రోజు. గడియారం ఒక గంట ముందుకి తిప్పుకోమన్నారు. ఓడ యాత్రకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: ఇలాంటి రోజున ఏ కార్యక్రమానికీ పేరు ఇవ్వకండి. మా ఆయన పాపని తీసుకుని ఈత కొలను దగ్గరికి వెళ్ళారు. నేను అమ్మానాన్నల గది బాల్కనీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. బూడిదరంగు నీళ్ళు, సన్నటి తుంపర. అప్పుడు నాన్న తనంతట తనే మొదలుపెట్టారు.

"గేట్లన్నీ పైకెత్తేశాం. ఇక మా చేతిలో ఏమీ లేదు. గట్టు మీద ఇసుక బస్తాలు వెయ్యడం, రాత్రంతా లాంతర్లు పట్టుకుని ఊట ఎక్కడ పడుతోందా అని చూసుకోవడం. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. మీ అమ్మకి ఏడో నెల. మీ మావయ్య వచ్చి పెద్దాపురం తీసుకెళ్ళాడని ఒక బస్సు డ్రైవరు చెబితే తెలిసింది. తొమ్మిది రోజులు ఇంటి మొహం చూడలేదమ్మా."

"నేనూ చూడలేదు మీ మొహం" అంది అమ్మ లోపల్నుంచి. "ఎవరొచ్చినా, గట్టు మీద వాళ్ళంతా బాగున్నారా అని అడిగేదాన్ని. ఆయన పేరు ఎత్తితే ఏడుపొస్తుందని అందరి పేరూ కలిపి అడిగేదాన్ని."

ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఈ మాట నేను వినలేదు. నాన్న కూడా విననట్టే ఉంది, వెనక్కి తిరిగి అమ్మ వంక చూశారు. పగలంతా అక్కడే గడిచిపోయింది. మధ్యాహ్నం భోజనం కూడా గదికే తెప్పించుకున్నాం. అమ్మ కప్పులో పెరుగు తీసుకుని అన్నం కలిపి నిమ్మకాయ ఊరగాయ ప్యాకెట్ విప్పింది. అదే ఆఖరి ప్యాకెట్.

పధ్నాలుగో రోజు విక్టోరియా, కెనడా. మా ఓడ అమెరికా జెండాది కాదు. అలాంటి ఓడ అమెరికాలో ఎక్కించుకున్నవాళ్ళని మధ్యలో ఏ పరదేశపు రేవూ తాకకుండా అమెరికాలోనే దింపకూడదని 1886 నాటి చట్టం. అందుకే సియాటిల్ నుంచి వెళ్ళే అలాస్కా ఓడలు కెనడాలో ఆగుతాయి. మన పాస్‌పోర్టుతో అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి: అమెరికా వీసా ఒక్కటే సరిపోదు, కెనడా వీసా కూడా కావాలి. మేం నెలల ముందే పెట్టి, వచ్చేదాకా టెన్షన్ పడ్డాం.

బుచార్ట్ గార్డెన్స్ ఒకప్పుడు సిమెంటు కోసం సున్నపురాయి తవ్విన గొయ్యి. రాయి అయిపోయాక ఆ ఇంటి ఇల్లాలు అందులో తోట వేసింది. ఆగస్టు కదా, డాలియాలు విరగబూసి ఉన్నాయి. కడియం నర్సరీల మధ్య పెరిగిన అమ్మకి పువ్వు కంటే మొదలు మీదే దృష్టి. వంగి మట్టి చూసి, "ఎరువు బాగా పట్టించారు" అంది. వేల బల్బులు వెలిగే పార్లమెంటు భవనాన్ని దూరం నుంచే చూసి ఓడెక్కేశాం.

ఆ రాత్రి పెట్టెలకి రంగు చీటీలు కట్టి గది బయట పెట్టాలి, వాళ్ళే దింపుతారు. అంతా సర్దేసి పడుకోబోతుంటే అమ్మ కంగారుగా వచ్చింది. నాన్న బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో వెళ్ళిపోయాయి. పదకొండు దాటింది. మా గదులు చూసే ఇండోనేషియా కుర్రాడికి చెప్పగానే కిందికి పరిగెత్తి, వందల పెట్టెల్లో వెతికి, ఇరవై నిమిషాల్లో దాన్ని మోసుకొచ్చాడు. అమ్మ అతని తల నిమిరి, "మీ అమ్మని చూసి ఎన్నాళ్ళయింది నాయనా?" అని అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఏడు నెలలన్నాడు. మందులు, పాస్‌పోర్టులు, పొద్దున వేసుకునే బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. మరిచిపోతే అందరికీ అంత మంచి కుర్రాడు దొరకకపోవచ్చు.

తెల్లారి సియాటిల్‌లో దిగాం. ఇంటికొచ్చాక కూడా కాళ్ళ కింద నేల ఊగుతూనే ఉంది. అమ్మ చారు పెట్టింది. రాత్రి ఎనిమిదిన్నరకి, అక్కడ పొద్దున తొమ్మిదవుతుండగా, నాన్న తనతో పనిచేసిన స్నేహితుడికి ఫోన్ చేశారు.

"ధవళేశ్వరం దగ్గర ఎంతుందిరా?... పదిన్నరా? అయితే మొదటి హెచ్చరికకి ఇంకా అడుగుంపావు ఉంది... నేనా, బాగానే ఉన్నాను. ఒరేయ్, ఎనభై ఆరులో మనం గట్టు మీద ఉన్నప్పుడు, ఇక్కడ ఒక మంచు ఆనకట్ట కట్టుకుని ఉందిరా. మనకంటే పెద్ద వరద. దాని గట్టు మీద ఎవ్వరూ లేరు..."