డయాఫ్రమ్ స్ప్రింగ్ మళ్లీ కూలబడింది

క్లచ్ కోసం చేస్తున్న డయాఫ్రమ్ స్ప్రింగ్‌ని, అంటే లోపలివైపు వేళ్లున్న గిన్నెలాంటి స్టీల్ డిస్క్‌ని, ప్రెస్‌లోంచి తీసి సర్ఫేస్ ప్లేట్ (కొలతలకి వాడే చదును పలక) మీద పెట్టగానే ఒళ్లు మండిపోయింది. క్వెంచ్ (కాల్చి ఆయిల్‌లో ముంచడం), టెంపర్ (మళ్లీ మితంగా వేడిచేయడం) అయ్యాక కోన్ ఎత్తు 3.6 మి.మీ. చక్కగా ఉన్న డిస్క్, చదునయ్యేదాకా కొన్నిసార్లు నొక్కి వదిలేసరికి 2.6కి దిగింది. ఇలా ముందే నొక్కి కుదురుకునేలా చేసే ప్రీసెట్టింగ్‌లో కాస్త ఎత్తు పోవడం మామూలే, 3.2 దగ్గర ఆగితే సర్దుకునేవాణ్ణి. ఏకంగా ఒక మిల్లీమీటరు పోవడమేంటి?

మందం 2 మి.మీ. కాబట్టి ఎత్తు, మందాల నిష్పత్తి 1.8 నుంచి 1.3కి పడిపోయింది. అది 1.41 దాటితేనే నొక్కేకొద్దీ లోడ్ ఒక స్థాయికి పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది. క్లచ్ పెడల్ తేలిగ్గా ఉండేది ఆ గుణంతోనే. 1.3 దగ్గర లోడ్ పెరుగుతూనే పోతుంది, అలాంటి స్ప్రింగ్ క్లచ్‌లో ఎందుకు?

స్టీల్ మీద నాకు అనుమానం లేదు. ఈఎన్ 47, అంటే 50సీఆర్‌వీ4 అనే స్ప్రింగ్ స్టీల్. 850 డిగ్రీల నుంచి ఆయిల్‌లోకి, తర్వాత 430 దగ్గర గంటసేపు టెంపర్. కోసిన అంచు మీద మధ్యలో హార్డ్‌నెస్ 46 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సీ స్కేల్ మీద) వచ్చింది, అదే కావాల్సింది. పైముఖం మీద మాత్రం 41, 42. రాక్‌వెల్ సీ సూది దాదాపు 0.1 మి.మీ. లోపలికి దిగుతుంది కాబట్టి పలుచటి పొర సంగతి దాంతో తేలదు. తక్కువ లోడ్‌తో పైపైనే కొలిచే 15ఎన్ స్కేల్‌కి మారితే 76 చూపించింది, అంటే సుమారు 32 హెచ్‌ఆర్‌సీ! ముక్క పాలిష్ చేసి నైటాల్ (స్టీల్ లోపలి నిర్మాణం కనిపించేలా చేసే యాసిడ్ ద్రావణం) పూస్తే రెండు అంచుల వెంబడీ తెల్లటి గీత, ఒక్కోటి 0.15 మి.మీ. దాకా. డీకార్బ్, అంటే ఫర్నేస్ వేడిలో పైపొరలోని కార్బన్ పోవడం. వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పైపొర మీదే, ఆ పొరే మెత్తబడితే ముందు లొంగేది అదే.

తేలనిది ఇంకోటుంది. ఎత్తు చుట్టూ ఒకేలా లేదు. రోలింగ్ దిశలో ఎదురెదురు చివర్లు 2.4, దానికి అడ్డంగా 2.8, గుర్రపు జీనులా వంగింది. ఆయిల్‌లోకి వంకరగా దిగితే ఒక పక్కే తేడా రావాలి, ఇలా రెండు పక్కలా సమానంగా రాదు. షీట్‌లోని రోలింగ్ ఒత్తిళ్లే వేడికి విడుదలయ్యాయని నా ఊహ.

క్లచ్ ప్లేట్ మధ్యలోని హబ్ మాత్రం ఈఎన్ 19 స్టీల్‌లో 30 హెచ్‌ఆర్‌సీ దగ్గర దిగింది, స్ప్లైన్లు (షాఫ్ట్‌ని పట్టే పళ్లు) చేతితో జారేంత బాగా కూర్చున్నాయి.

డీకార్బ్ ఆపడానికి పూసే యాంటీ స్కేల్ పూతల మీద నాకు నమ్మకం పోయింది, మూలల్లో పెచ్చులూడతాయి. స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో రెండు మడతలు చుట్టి, లోపలి ఆక్సిజన్ కాలిపోయేలా చిన్న కాగితం ముక్క పెట్టడమే మేలు. ఫాయిల్‌తో క్వెంచ్ ఆలస్యమవుతుంది కాబట్టి ఫర్నేస్ తలుపు దగ్గరే కత్తిరించి దించాలి. పార్క్స్ 50 లాంటి వేగంగా చల్లార్చే క్వెంచ్ ఆయిల్ ఈ మందానికి అనవసరం, పార్క్స్ వాళ్ల ట్రిపుల్ ఏ ఆయిల్ చాలు, వంకర కూడా తగ్గుతుంది.

తర్వాతి డిస్క్‌కి ముందే 650 డిగ్రీల దగ్గర స్ట్రెస్ రిలీవ్ (లోపలి ఒత్తిళ్లు పోయేలా వేడిచేయడం), కోన్ 4.2తో ఫార్మింగ్, 850 దగ్గర పది నిమిషాలే సోక్ (ఆ వేడిలో ఉంచడం), టెంపర్‌లో కోన్ ఆకారపు ఫిక్స్చర్‌లో బిగింపు. ప్రీసెట్టింగ్ 200 డిగ్రీల వేడి మీద చేద్దామనుకుంటున్నా, వేడిగా కుదురుకున్నది ఆ తర్వాత తక్కువ జారుతుంది. ఎత్తు నిలబడితేనే వేళ్ల కొసలు గట్టిపడేలా టార్చ్ పెడతా, రిలీజ్ బేరింగ్ తగిలేది అక్కడే. నిలబడినా ఇది బెంచ్ రిగ్ మీదే తిరుగుతుంది, బండిలోకి ఎక్కదు.