పాత కోత కింద కొత్త రాయి

1996లో నా ఎడమ కిడ్నీలో రాయి డొక్క కోసి తీశారు. పక్కటెముకల కింద వెనక నుంచి ముందుకి జానెడుకు మించిన కోత. నాది బస్సు డ్రైవరు ఉద్యోగం. దారిలో దిగే వీలుండదని మండుటెండలో కూడా గొంతు తడుపుకుని సరిపెట్టుకునేవాళ్లం. రాళ్లు రాక ఏమవుతాయి?

రిటైరయ్యాక మళ్లీ అదే పక్క నొప్పి. నడుము దగ్గర మొదలై గజ్జల్లోకి దిగింది, వాంతులు కూడా. స్కాన్‌లో 24 మిల్లీమీటర్ల రాయి. బావమరిది కొండపిండాకు పంపాడు, చెల్లెలు ఉలవచారు కాచి తెచ్చింది. "చిన్నదైతే నీళ్లకే పడిపోయేది. ఇంత రాయి ఆకులకి కరగదండీ" అన్నారు యూరాలజిస్టు. వీపులో చిన్న రంధ్రం పెట్టి తీసే పీసీఎన్‌ఎల్ చేద్దామన్నారు.

చొక్కా పైకెత్తమని పాత మచ్చ వెంబడి వేలితో నొక్కుకుంటూ పోయారు. "అప్పటి కాగితాలు ఉన్నాయా?" మా ఆవిడ ట్రంకుపెట్టె అడుగు నుంచి డిశ్చార్జి కాగితం తీసింది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో పైలోలిథాటమీ అని ఉంది. కిడ్నీ కండ జోలికి పోకుండా మూత్రం చేరే సంచిని కోసి తీశారట.

"మచ్చ పైనే కాదు, లోపలా ఉంటుంది. చుట్టూ ఉన్న కొవ్వు గట్టిపడి కిడ్నీ అతుక్కుపోతుంది. ఊపిరితో పాటు కదలదు కాబట్టి సూది గుచ్చడానికి ఒక రకంగా మంచిదే. దారి వెడల్పు చేసేటప్పుడే ఇబ్బంది" అన్నారు. పేగు కిడ్నీ వెనక్కి జరిగి ఉంటే సూది తగులుతుందని సీటీలో అదీ చూశారు. రంధ్రం ఆపరేషనంటే పంటి పని లాంటిదనుకున్న మా అబ్బాయి ఇది విన్నాక నోరు మెదపలేదు.

పూర్తి మత్తు ఇచ్చి, ముందు మూత్రనాళంలోకి సన్నటి గొట్టం పెట్టి, బోర్లా పడుకోబెట్టారట. గొట్టంలోంచి రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రే తెరమీద చూస్తూ సూది దించారు. దారి వెడల్పు చేసే ప్లాస్టిక్ డైలేటరు మచ్చ దగ్గర వంగిపోతే ఒకదాని మీద ఒకటి తొడిగే లోహపు కడ్డీలతో దారి చేశారు. రాయిని లేజరుతో పొడిచేసి ముక్కలు బయటికి లాగారు. అనుకున్నదానికన్నా టైము పట్టిందని తర్వాత చెప్పారు.

మెలకువ వచ్చేసరికి వీపులోంచి ట్యూబు, పక్కన సంచిలో ఎర్రటి నీళ్లు. చూడ్డానికి భయమే గానీ మర్నాటికి రంగు తేరింది. ట్యూబు తీశాక ఆ రంధ్రంలోంచి మూత్రం ఊరి కట్టు తడిసింది, దానంతటదే మూసుకుంది. పాత ఆపరేషన్‌కి నెలల తరబడి పక్కకి తిరగలేకపోయాను. ఈసారి మర్నాడే వరండాలో నడిచాను.

నన్ను ఏడిపించింది లోపల వదిలిన డీజే స్టెంటు, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్నటి గొట్టం. పోసిన ప్రతిసారీ మంట, నడుములోకి పోటు, అంతలోనే మళ్లీ వచ్చినట్టుండడం. రాత్రిళ్లు నిద్ర లేదు. మాత్రలతో కొంత తగ్గింది. తీసేటప్పుడు మాత్రం జెల్ పెట్టి, కెమెరా గొట్టంతో క్షణాల్లో లాగేశారు.

రాయి ల్యాబుకి పంపితే కాల్షియం ఆక్సలేటు అని వచ్చింది. పాలు, పెరుగు మానక్కర్లేదట, ఉప్పే తగ్గించాలట. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా నీళ్లు తాగాలి. మొన్నటి అల్ట్రాసౌండ్‌లో ఎడమ కిడ్నీ శుభ్రంగా ఉంది. కుడివైపు 3 మిల్లీమీటర్ల రేణువు ఉందన్నారు, ఆరు నెలలకి మళ్లీ చూస్తారట.