కూడితే తప్పయింది

బండ్లు తమలో తాము వైర్‌లెస్‌గా ట్రాఫిక్ కబుర్లు చెప్పుకోవడం నా ఎంటెక్ ప్రాజెక్టు. కష్టమంతా రేడియో సిగ్నల్ దగ్గరే ఉంటుందనుకున్నాను.

నిజం కార్లు ఎవరిస్తారు? అంతా సిమ్యులేషనే. బండ్లు నడపడానికి జర్మనీ వాళ్ల సుమో అనే సాఫ్ట్‌వేర్, సందేశాలకు ఓమ్‌నెట్, రెంటినీ కలపడానికి వెయిన్స్. వెర్షన్లు కుదరక వారం పోయింది, ఆ గోల ఇక్కడ వద్దు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి అమీర్‌పేట ముక్క దించుకుంటే, సందుల్లో బండ్లన్నీ కుడిపక్కన పోతున్నాయి! ఎడమవైపు నడవాలని విడిగా చెప్పాలట. పైగా జామ్‌లో ఇరుక్కున్న కారు మాయమై అవతల తేలుతోంది. సుమోలో 300 సెకన్లు కదలని బండిని ఎత్తి ముందుకు వేసేస్తారు. అమీర్‌పేటకి నిజంగా కావాల్సింది అదే అన్నాడు మా రూమ్మేట్.

అసలు తంటా తర్వాత మొదలైంది. ప్రతి కారూ సెకనుకు పదిసార్లు తన చోటు, వేగం చెబుతుంది. విన్నదంతా అందరూ దూరానికి మోస్తే రేడియో ఛానెల్ మూసుకుపోతుంది. అందుకని "ఈ రోడ్డులో ఇన్ని బండ్లు" అని కుదించి పంపాలి. నా లెక్క 12, పక్కకారు లెక్క 9, కూడితే 21. కానీ అందులో ఐదు బండ్లు ఇద్దరమూ చూసినవే. ఆ 21 తిరిగి నా దగ్గరికే వస్తే మళ్లీ కూడేస్తాను. రోడ్డు మీద 40 బండ్లుంటే స్క్రీన్ మీద 300 దాటింది. రివ్యూకి నాలుగు రోజులే ఉంది, ఒకటే టెన్షన్.

"కూడకుండా కలుపు," అన్నారు గైడ్ సార్. 1985లో ఫ్లాజొలే, మార్టిన్ చెప్పిన పద్ధతి అది. కారు ఐడీని హ్యాష్ చేస్తే, అంటే ఒకే ఐడీకి ఎప్పుడూ ఒకే జవాబిచ్చే లెక్కలో వేస్తే, సున్నాల వరుసలో ఒక గడి 1 అవుతుంది. రెండు వరుసలు కలిపేటప్పుడు ఏ ఒక్కదానిలో 1 ఉన్నా 1. పెన్సిలుతో వేసి చూశాను: 1110100, 1101000 కలిస్తే 1111100. మళ్లీ కలిపినా అదే. వరుసలో ముందుకు పోయేకొద్దీ గడి వెలగడం అరుదు కాబట్టి, మొదటి సున్నా ఎంత దూరంలో ఉందో చూసి బండ్లెన్నో అంచనా వేయాలి. ఒక్క వరుసతో అంచనా మోటుగా వస్తుంది కాబట్టి చాలా వరుసల సగటు తీశాను.

ఇందులో తీసివేత లేదు. వెళ్లిపోయిన కారు గడి వెలుగుతూనే ఉంటుంది. ప్రతి 1కీ ఆయుష్షు పెట్టాల్సి వచ్చింది. తక్కువ పెడితే ఉన్న జామ్ కనబడదు, ఎక్కువైతే తొలగిన జామ్ వదలదు.

వైవాలో బయటినుంచి వచ్చిన సార్ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "ఈ లెక్కలో ఆటోలున్నాయా?"

లేవండీ. వాటికి రేడియో లేదు.